పాసేజీకి జనరేటరు లైను

అద్దాలుగారు సొంతిల్లు కొన్నారు. ఆ ఇంటి నేల కింది అంతస్తువాళ్ల కప్పు, ఆ ఇంటి కప్పు పై అంతస్తువాళ్ల నేల, పక్కగోడలో సగం పక్కింటివాళ్లది. మధ్యలో మిగిలిన గాలి మాత్రం నిఖార్సుగా ఆయన పేరు మీదే రిజిస్టరయింది.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు లేకపోలేదు. కానీ వీధి మలుపులో కళ్లజోళ్ల దుకాణం తెరిచిన మనిషికి ఆ పేరు ఎన్నాళ్లని నిలుస్తుంది? మర్నాటి నుంచే లోకానికి ఆయన అద్దాలుగారు. కళ్లు పరీక్ష చెయ్యడం చదువుకున్నారు. వచ్చినవాళ్లని ఎత్తుకుర్చీలో కూచోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టి, అందులో ఒక బిళ్ల తీసి ఇంకో బిళ్ల వేస్తూ, "ఇది బాగుందా? ముందుదే బాగుందా?" అని అడగడం ఆయన వృత్తి. ఇన్నేళ్లు అడిగీ అడిగీ ఆ ప్రశ్న నోట్లోంచి బుర్రకెక్కింది. బట్టల కొట్లో రెండు చొక్కాలు పట్టుకుని ఆయన నిలబడితే కొట్టు కట్టేసే వేళ దాకా నిలబడే ఉంటారు. భార్య కూరలో ఉప్పు చూడమంటే చూసి, మళ్లీ చూసి, "ముందుదే బాగుందేమో" అంటారు. ఆవిడ చేతిలో గరిటె ఉండగా ఆ మాట అనగలిగే ధైర్యం మాత్రం మెచ్చుకోవాలి.

ఫ్లాటు కొనేముందు కూడా రెండు బిళ్లలూ వేసి చూశారు. మొదటి బిళ్ల, అప్పటిదాకా ఉన్న అద్దె ఇల్లు. పెరడుంది. పెరట్లో చీకటుంది. ఆ చీకట్లో దొంగలకి సకల సౌకర్యాలూ ఉన్నాయి. రెండో బిళ్ల, ఐదో అంతస్తులో ఫ్లాటు. గేటు దగ్గర కాపలా, పైకెళ్లడానికి లిఫ్టు, ఊరెళితే తాళం గురించి బెంగ లేకపోవడం, ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి మనం కాక ఇంకెవరో ఉండడం. నిస్సందేహంగా రెండో బిళ్లే బాగుంది.

చేరిన వారానికి మొదటి బిళ్ల మళ్లీ వేసి చూడాలనిపించింది. పై ఇంట్లో కుర్చీ జరిగితే ఈయన గుండె జరిగేది. పక్కింట్లో మిక్సీ తిరిగితే ఈయన పళ్లు జివ్వుమనేవి. తన గోడకి తను మేకు కొట్టుకోవాలంటే అసోసియేషను సెక్రటరీగారి అనుమతి కావాలి. ఆ సెక్రటరీగారు ఉండేది పక్క ఫ్లాటులోనే కాబట్టి అనుమతి లేని మేకు ఆయన చెవిలోనే దిగుతుంది.

అయినా ఇవన్నీ కరెంటు ఉన్నప్పటి కష్టాలు. కరెంటు పోతే అది వేరే శాస్త్రం. అద్దె ఇంట్లో కరెంటు పోతే దీపం పోయేది, అంతే. ఇక్కడ లిఫ్టు పోతుంది, మోటారు పోతుంది, కుళాయిలో నీళ్లు పోతాయి, ఐదో అంతస్తులో ఉన్నామన్న గర్వం పోతుంది. అందుకే బిల్డరు ఒక జనరేటరు పెట్టించాడు. చిన్నది. లిఫ్టుకీ మోటారుకీ మెట్లకీ పోగా ఇంటికి ఒక బల్బు, ఒక ఫ్యాను మిగిలాయి, అవీ ఒకే చోట. ఎక్కడో యజమాని ఇష్టం. కాకపోతే గోడలకి పూత పడేముందే చెప్పాలి, చెప్పాక మార్పు లేదు. పెళ్లి తరవాత మనిషి ఇలాంటి నిర్ణయం మళ్లీ తీసుకోవలసి రావడం అరుదు.

ఇంట్లో ముగ్గురు హక్కుదారులు. "వంటింట్లో పెట్టించండి. చీకట్లో ఉప్పేదో పంచదారేదో నాలుకతో తేల్చుకోవాలా నేను?" అంది భార్య. ఆయనకేమో హాల్లో కావాలి, పేపరు చదువుకోవడానికి. మూడో హక్కుదారు అత్తగారు. ఆవిడ ఆయనతో ఏమీ అనలేదు. ఆయన ఎదురుగానే కూచుని, కూతురితో, "నా గది సంగతి ఎవరికైనా గుర్తుంటే సరే, లేకపోయినా సరే అని చెప్పవే ఆయనకి" అన్నారు.

అద్దాలుగారు మూడు గదులనీ మార్చి మార్చి చూశారు. ఏ గదికి ఇచ్చినా మిగతా రెండు గదులూ కాపురం చెయ్యనివ్వవు. చివరికి ఎవరూ అభ్యంతరం చెప్పలేని స్థలం ఒకటి కనిపెట్టారు. మూడు గదుల మధ్యా, పక్కింటి గోడ వారగా ఉన్న పాసేజీ.

"పాసేజీలోనా? అక్కడెవరు కూచుంటారు సార్?" అన్నాడు వైరింగు మేస్త్రీ.

"ఎవరూ కూచోరు. అందుకే గొడవ రాదు," అన్నారు అద్దాలుగారు.

న్యాయం జరిగింది. సౌకర్యం ఎవరికీ కలగలేదు. న్యాయమంటే తరచు అంతే.

ఇక అత్తా అల్లుళ్ల సంగతి. అత్తగారు ఆడపిల్లల బళ్లో హెడ్మిస్ట్రెసుగా చేసి రిటైరైన మనిషి. ఆఖరి బెంచీలో చాక్లెట్టు చప్పరించే పిల్లని గుమ్మంలోంచే పట్టుకున్న చూపు ఆవిడది. ఆ చూపు మీదే అల్లుడు చెయ్యి వేశారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ చుట్టాలని వెంటబెట్టుకుని దుకాణం చూడ్డానికి వచ్చారు. ఈయన ఉత్సాహం కొద్దీ చదవమని ఒక అట్ట ఇచ్చారు. ఆవిడ దాన్ని చెయ్యి చాపినంత దూరం పెట్టి చదివారు. ఈయన నవ్వుతూ, పదిమందిలో, "ఇంకాస్త పొడుగు చెయ్యి ఉంటే బాగుండేదండీ. మీకు చత్వారం వచ్చింది!" అన్నారు.

వచ్చింది చత్వారం, పోయింది చుట్టరికం. ఆనాటి నుంచి అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడలేదు. కళ్లజోడు మాత్రం పెట్టుకున్నారు, ఎదురు దుకాణంలో చేయించుకుని. కూతురి ఇంటికొచ్చి ఉండిపోయాక కూడా జోడు మార్చాలంటే అల్లుడి దుకాణం ముందు నుంచే, తలెత్తుకుని, ఎదురు దుకాణానికి నడిచేవారు. వంటవాడి పెళ్లాం హోటలు నుంచి అన్నం తెప్పించుకున్నట్టు. ఇంట్లో ఆవిడ మాటలన్నీ కూతురి మీదుగా ప్రయాణం చేసేవి. "ఆయన్ని అన్నానికి రమ్మను." "వస్తున్నానని చెప్పు." మధ్యలో దుబాసీగా ఉన్న కూతురు రెండు వైపుల మాటలూ ఏనాడో చెప్పడం మానేసింది. ఎటూ వినబడుతూనే ఉన్నాయి.

అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి, పాసేజీలో మాత్రం బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది. ముగ్గురూ తలో కుర్చీ ఈడ్చుకొచ్చారు. ఎదురెదురుగా వేస్తే మోకాళ్లు తగిలేంత వెడల్పు. కాసేపటికి భార్యకి బయట వసారాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. "ఇప్పుడే వస్తా" అని వెళ్లింది. ఆ మాటకి ఆడవాళ్ల నిఘంటువులోనూ మగవాళ్ల నిఘంటువులోనూ అర్థం ఒకటి కాదు.

దుబాసీ లేని దర్బారులో ఇద్దరూ ఫ్యాను చూస్తూ కూచున్నారు. అలా కొన్ని కరెంటు కోతలు గడిచాయి. ఒకనాడు అద్దాలుగారు ఉక్కపోతకి కాదు, ఊరక కూచోలేక పేకముక్కలు తెచ్చి ఒళ్లో పలక పెట్టుకుని ఒంటరి ఆట పరిచారు. అత్తగారు ఓరకంట చూశారు. ఓపిక పట్టారు. పట్టలేకపోయారు. "ఆ ఇస్పేటు రాణి కింద ఆఠీను జాకీ పెడితే కదులుతుందిగా," అన్నారు, ఫ్యానుతో.

అద్దాలుగారు ఫ్యాను సలహా పాటించారు. కదిలింది.

మరుసటి కోతకి రమ్మీ మొదలైంది. రమ్మీలో ఒక ఇబ్బందుంది. "షో" అన్న మాటని కూతురి ద్వారా పంపడం కుదరదు. అలా ఆ మాట మొట్టమొదట నేరుగా అల్లుడి చెవిన పడింది. దాని వెనకే "దించండి", "తొందరపడకండి", "పంచడం వచ్చా అసలు?" వంటివి కూడా వచ్చాయి. పందేనికి దుకాణంలో పనికిరాకుండా పోయిన అద్దం బిళ్లలు పెట్టుకున్నారు. అత్తగారు గెలిచినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవారు. డబ్బా నిండుతూ వచ్చింది.

ఆ మర్యాద పాసేజీ బల్బు వెలిగినంత సేపే. కరెంటు వచ్చి హాల్లో ట్యూబులైటు రెపరెపలాడగానే ఇద్దరూ దొరికిపోయినవాళ్లలా లేచేవారు. ఒకసారి వాక్యం మధ్యలో కరెంటు వచ్చింది. "మీరా ముక్క ఎత్తకుండా ఉంటే..." అని మొదలుపెట్టిన అత్తగారు అటు తిరిగి, "అమ్మాయ్, ఆయన ఆ ముక్క ఎత్తకుండా ఉంటే నాది షో అయ్యేదని చెప్పు" అని ముగించారు. ఇంతసేపూ వసారాలో ఉన్న అమ్మాయికి ఏ ముక్కో, ఎందుకు ఎత్తారో ఇప్పటికీ తెలీదు.

ఈ మధ్య ఆటలో అద్దాలుగారికి ఒకటి కనిపించింది. అత్తగారు ముక్కల్ని బల్బు వైపు తిప్పి, మెడ పక్కకి వంచి చూస్తున్నారు. ఒకనాడు షో అని పరిచిన ఇస్పేట్ల వరసలో ఒక కళావరు దూరి ఉంది. పొరపాటేలే అనుకుని, "కరెక్టేనండీ" అని బిళ్లలు ఇచ్చేశారు. ఇంకోనాడు డైమన్ల మధ్య ఆఠీను వచ్చింది. మళ్లీ "కరెక్టే". ఆపైన ఒక సాయంత్రం ఆవిడ బల్బు వంక చూసి, "చవకరకం పెట్టించారు. చుట్టూ రంగు రంగుల చక్రం కడుతోంది" అన్నారు.

అద్దాలుగారి చేతిలో ముక్క ఆగిపోయింది. దీపం చుట్టూ రంగుల చక్రాలంటే ఏమిటో ఆయనకి తెలుసు. కంట్లో ఒత్తిడి పెరుగుతూ ఉండొచ్చు. అదే అయితే వెంటనే డాక్టరుకి చూపించాలి. ఆ జబ్బులో పోయిన చూపు ఏ బిళ్ల వేసినా తిరిగి రాదు.

భార్యతో చెప్పారు. ఆవిడ కంగారుగా తల్లి దగ్గరికి వెళ్లి, అంతే వేగంగా వెనక్కి వచ్చింది.

"ఏమన్నారు?"

"దుకాణంలో గిరాకీ తగ్గిందా అని అడగమంది మిమ్మల్ని."

"నేను చెప్పించానని చెప్పావా?"

"చెప్పక్కర్లేదండీ. కళ్లు అనగానే మీరే కనిపిస్తారావిడకి."

ఇక మిగిలింది పాసేజీ. ఆవిడ ఏం కనిపిస్తోందో ఏం కనిపించట్లేదో నోరు జారేది అక్కడే, ఈయన మాట వినేదీ అక్కడే. అక్కడే, ఏదో ఒకనాడు, మెల్లిగా చెప్పాలి. రెండు బిళ్లలూ వేసి చూశారు. చెబితే మాటలు మళ్లీ పోతాయి. చెప్పకపోతే కళ్లు పోతాయి. ఏది బాగుందో తెలుస్తూనే ఉంది కానీ, నోరు తెరిచేసరికి "కరెక్టేనండీ" అనే వస్తోంది.

సరిగ్గా అప్పుడే అసోసియేషనుకి అభివృద్ధి మీద మనసు పోయింది. పెద్ద జనరేటరు తెస్తారట. కరెంటు పోయిన సంగతి కూడా తెలియకుండా అన్ని గదులకీ వెలుగట. అందరూ సంతకం పెడితేనే పని మొదలు. అందరూ పెట్టారు, ఒక్కరు తప్ప. ప్రతి గదిలోనూ ఫ్యాను తిరిగితే ఆ పాసేజీలోకి ఎవరొస్తారు? రాకపోతే ఆ ఒక్క మాట ఎక్కడ చెప్పాలి? ఈ కారణాన్ని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేక "ఆలోచిస్తున్నాను" అన్నారు. బతుకంతా ఆలోచించిన మనిషి కనక మొదట ఎవరూ పట్టించుకోలేదు. తరవాత లిఫ్టులో మాటలు మొదలయ్యాయి.

"చీకట్లో జనం కళ్లు పాడైతే కదండీ అద్దాలుగారి దుకాణం నడిచేది!"

భార్య అయితే మొహమాటపడలేదు. "ఇల్లంతా వెలుగొస్తుందంటే వద్దనే మగాణ్ణి మిమ్మల్నే చూశాను. ఏం దాస్తున్నారు చీకట్లో?"

సెక్రటరీగారు స్వయంగా వచ్చారు. నోటీసు బోర్డు మీద "చెప్పులు క్రమశిక్షణతో విడువవలెను" అని రాసే మనిషి. కటువుగా మాట్లాడతారనుకుంటే, కాగితం బల్ల మీద పెట్టి, దగ్గి, "ఆదివారం మీటింగండీ. ఈలోగా... మీ పని కానివ్వండి" అన్నారు. ఏ పని అన్నది ఆయన చెప్పలేదు. అద్దాలుగారికి అడగాలని తోచలేదు.

శనివారం సాయంత్రం కరెంటు పోయింది. పాసేజీ బల్బు వెలిగింది. భార్య "ఇప్పుడే వస్తా" అని వెళ్లింది. అత్తగారు డబ్బా పక్కన పెట్టుకుని కూచున్నారు.

ఆట బాగా సాగింది. అత్తగారు ఒక ముక్క ఎత్తి, ఇంకోటి బోర్లా దించి, "షో" అని గెలిచినవాళ్ల నిదానంతో ముక్కలు పరిచారు. జోకరు వరస సరిగ్గా ఉంది. మూడు రాజులూ సరే. ఆ తరవాత ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఏడు, కళావరు ఎనిమిది, ఇస్పేటు తొమ్మిది.

"ఏవిటి చూస్తారు? బిళ్లలు పొయ్యండి," అన్నారు డబ్బా మూత తీసి.

అద్దాలుగారు బిళ్లల మీద చెయ్యి వెయ్యలేదు. "కరెక్టే" అన్న మాట నాలుక చివరికి వచ్చి కూచుంది. దాన్ని లోపలికి నెట్టి, "రాంగ్ షో, అత్తగారూ" అన్నారు.

"ఏది?"

"ఆ ఎనిమిది. కళావరండీ."

"ఇస్పేటు."

"కళావరు."

ఆవిడ ముక్కని బల్బుకి దగ్గరగా పెట్టారు, దూరంగా పెట్టారు, పక్కకి తిప్పారు. "ఆ బల్బు చుట్టూ రంగులుంటే ముక్క కంటికి ఎలా ఆనుతుంది?"

"బల్బు చుట్టూ రంగుల్లేవండీ." చేతిలో ముక్కలు కింద పెట్టేశారు. "నాకు కనిపించట్లేదు. మీకు కనిపిస్తున్నాయంటే కళ్లలో ఒత్తిడేమో. పెద్దాసుపత్రిలో చూపించాలి. నా దుకాణంలో కాదు. నాకు గిరాకీ ఏమీ లేదిందులో."

ఫ్యాను తిరుగుతోంది. అత్తగారు ముక్క దించి, అల్లుడి మొహంలోకి సూటిగా చూశారు. ఆఖరి బెంచీ దాకా వెళ్లిన చూపు, ఈ కాస్త దూరంలో కూడా వెతుక్కుంటోంది.

"ఇలాంటి షో ఇదే మొదలా?"

"కాదండీ."

"మరి అప్పుడేమన్నారు?"

"కరెక్టే అన్నాను."

"అబద్ధం చెప్పారు!"

"మొదటిసారి నిజం చెబితే ఇన్నేళ్లు మాట్లాడలేదు కదండీ."

అత్తగారు డబ్బా వంక చూశారు. అందులో బిళ్లలు ధగధగలాడుతున్నాయి. ఆవిడ మొహం ఎర్రబడింది. కళ్ల గురించి కాదు. "అంటే ఇవన్నీ దొంగ గెలుపులన్నమాట! హెడ్మిస్ట్రెసుకి కాపీ కొట్టించి పాసు చేయించారా మీరు!"

అద్దాలుగారు నోరు తెరిచేలోగా కరెంటు వచ్చింది. హాల్లో ట్యూబులైటు, వంటింట్లో ఫ్రిజ్జు, పై ఇంట్లో టీవీ ఒక్కసారిగా మేలుకున్నాయి. రివాజు ప్రకారం అత్తగారు అటు తిరిగిపోయారు. "అమ్మాయ్!"

అమ్మాయి వసారాలో ఉంది, ఏదో పెద్ద కథ మధ్యలో ఉంది. రాలేదు. అత్తగారు నిలబడ్డారు. అల్లుడివైపు తిరగలేరు, కూతురు రాదు. చివరికి ఎదురుగా ఉన్న గోడతో అన్నారు: "ఏ గోడకైనా చెవులుంటే ఆయనకి చెప్పనీ. పొద్దున్నే ఆ ఆసుపత్రికి తీసుకెళ్లమని. వచ్చాక ఆ ఆటలన్నీ మొదటి నుంచీ మళ్లీ ఆడాలని."

గోడ దగ్గింది.

"చెప్తానండీ," అంది గోడ, సెక్రటరీగారి గొంతుతో. "రేపు ఆదివారం కదండీ, డాక్టరు ఉండరు. ఎల్లుండి పొద్దున్న కారు నేను తీస్తాను."

ఇద్దరూ గోడ వంక చూశారు. "మీరు... ఎన్నాళ్లుగా వింటున్నారు?" అన్నారు అత్తగారు.

"మొదటి ఆట నుంచీనండీ. గోడ ఇద్దరిదీ కదా. మొన్న మీరు షో అన్నప్పుడు అద్దాలుగారు కరెక్టే అన్న తీరు వింటేనే నాకు అనుమానం వచ్చింది. సంతకానికి తొందరేం లేదు, మీటింగు వచ్చే వారానికి మార్చాను. మా ఆవిడ కూడా మార్చమంది. ఆవిడ మీ వైపండీ."

ఫ్లాటులో ఉండడం వల్ల కలిగే లాభనష్టాలని అద్దాలుగారు మళ్లీ ఎప్పుడూ బిళ్లలు మార్చి చూడలేదు. ఆ సాయంత్రం రెండూ ఒకే గోడలోంచి వచ్చాయి.

సోమవారం డాక్టరు ఒత్తిడేనన్నారు. వదలకుండా వేసుకోమని చుక్కల మందు రాసిచ్చారు. పోయింది కొంచెమే, మిగిలింది నిలబెట్టుకోవచ్చు, ఇంకొన్నాళ్లు ఊరుకుంటే ఏమయ్యేదో చెప్పలేనని కూడా అన్నారు. తిరిగొచ్చాక సెక్రటరీగారు కారు పెట్టడానికి వెళ్లారు. లిఫ్టులో అత్తగారు, కరెంటు ఉండగానే, "ఐదు నొక్కండి" అన్నారు. అద్దాలుగారు వెనక్కి తిరిగి చూశారు. లిఫ్టులో ఇంకెవరూ లేరు.

సంతకం పెట్టేశారు. పెద్ద జనరేటరు వచ్చింది. ఇప్పుడు కరెంటు పోయినా ఏ గదికీ తెలియదు. అయినా సాయంత్రాలు పాసేజీలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉంటాయి, వాటిల్లో కూచున్నవాళ్ల మోకాళ్లని తప్పించుకుంటూ ఇల్లాలు తిట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.

కంటి ఒత్తిడి కుదుటపడ్డాక కొత్త జోడు కావలసి వచ్చింది. అత్తగారు చట్రం ఎదురు దుకాణంలోనే కొన్నారు. పంతం అంత త్వరగా పోదు. అది చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి, ఇటు వచ్చి ఎత్తుకుర్చీ ఎక్కారు. అద్దాలుగారు ఇనప చట్రం పెట్టి, బిళ్ల వేసి, గోడ మీద అక్షరాల పలక చూపించారు.

"అది వద్దు. రోడ్డు మీంచి చూసి చూసి కంఠతా వచ్చేసింది నాకు. నేను కాపీ కొట్టను," అంటూ ఆవిడ సంచీలోంచి పేకముక్కలు తీశారు.

"ఇది బాగుందా అండీ?" అన్నారు అద్దాలుగారు అలవాటు కొద్దీ, ఇంకో బిళ్ల చేత పట్టుకుని. "ముందుదే బాగుందా?"

"ముందు ముక్కలు పంచండి," అన్నారు అత్తగారు. "ఈసారి కరెక్టే అన్నారంటే మాత్రం ఊరుకోను."